గిటారుపై లేచిన రంగు – నిలుపుకొను విధము

వీణయు, వయొలీనును, హార్మోనియమును మన యిండ్లలో చిరకాలముగా నున్న వాద్యములు. ఈ నడుమ గిటారు వాని సరసన చేరినది. అనంతపురము, హిందూపురము, ధర్మవరము వంటి పట్టణములలో బాలురే గాక బాలికలును దీనిని నేర్చుకొనుచున్నారు. విద్యుత్ గిటారు కొనుట సామాన్య సంసారమునకు చిన్న వ్యయము కాదు. అందుచేత అన్న వాడినది చెల్లెలికి వచ్చును. పట్టణమున చదువుకొన్న మేనమామ తన పాత వాద్యమును మేనకోడలి చేతిలో పెట్టును. అట్టి గిటారుపై రంగు బీటలువారి, పెచ్చులు లేచినపుడు, ఇంటిలో నెవరో యొకరు “గీకివేసి క్రొత్తరంగు పూయింతము” అని తొందరపడుదురు. ఆ తొందరను మాన్పుటకే ఈ వ్యాసము.

ఈ పనిలో జ్ఞాపకముంచుకొనవలసిన సూత్రము చిన్నది: లేచినదానిని అతికింపవలెను, పోయినదానిని పూరింపవలెను, గట్టిగా నున్నదానిని ముట్టరాదు. తక్కినదంతయు దీని వివరణమే.

వాద్యమును గూర్చి రెండు మాటలు

విద్యుత్ గిటారు క్రొత్త వస్తువుగా తోచినను, దానికి ముప్పాతిక శతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున లియో ఫెండర్ అను నాతడు లోపల బోలు లేని దిటవైన చెక్కతో చేసిన గిటారును 1950లో విక్రయమునకు తెచ్చెను. 1954లో ఆ కర్మాగారమునుండియే స్ట్రాటొకాస్టర్ అను రకము వచ్చినది. నేడు అంగళ్ళలో కనబడు గిటారులలో పెక్కు దాని రూపము ననుసరించినవే.

ఈ వాద్యమున స్త్రీల పాలు తక్కువ కాదు. సిస్టర్ రొజెట్టా థార్ప్ అను నీగ్రో జాతి గాయని 1940ల నాటికే విద్యుత్ గిటారు మీటుచు భక్తిగీతములు పాడి ప్రఖ్యాతి గాంచెను. అబిగైల్ యిబర్రా అను నామె 1956లో ఫెండర్ కర్మాగారమున చేరి, గిటారులకు ప్రాణమైన రాగితీగ చుట్టలను చుట్టుటలో పేరు పొందెను. మన తెలుగువారిలో పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండొలినుపై కర్ణాటక సంగీతమును పలికించి, 1998లో పద్మశ్రీ బిరుదము నందెను. కావున తీగకు విద్యుత్తు తోడైనంత మాత్రమున అది మనది కాదని తలంపనక్కరలేదు.

వీణలో పనసకొయ్యతో తొలిచిన కుండయే నాదమునకు ఆధారము. విద్యుత్ గిటారు అట్లు కాదు. దాని దేహము గట్టిచెక్క. ఉక్కుతీగ కదలినపుడు, దాని క్రింద నమర్చిన అయస్కాంతమును, రాగిచుట్టయు ఆ కదలికను విద్యుత్తుగా మార్చి యంత్రమునకు పంపును. కనుక రంగు కొంత రాలినను పలుకు చెడదు. ఈ సంగతి తెలిసిన తల్లికి సగము భయము తీరును. అయితే రంగు కేవలము అలంకారము గాదు. చేతి చెమటయు, తేమయు కొయ్యలోనికి దిగకుండ కాపాడు కవచమది. అందుచేత దానిని నిర్లక్ష్యము చేయరాదు.

మన యెండయు, మన కొయ్యయు

రంగు ఎందుకు లేచునో ముందు తెలిసికొనవలెను. కారణ మెఱుగక చేసిన మరమ్మతు నిలువదు.

అనంతపురపు పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. నైరృతి ఋతుపవనము తన నీటిని కనుమల కావలనే కురిసి, ఇటు పొడిగాలియై వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమున కురిసి, ఇచ్చటికి చేరునప్పటికి బలము తగ్గును. ఇచ్చట ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షమే కురియును. దేశమున వాన తక్కువైన జిల్లాలను చెప్పునపుడు రాజస్థానమందలి జైసల్మేరు తరువాత అనంతపురమునే పేర్కొందురు.

కోసి ఎండబెట్టిన కొయ్య సయితము గాలిలోని తేమను పీల్చుచు, విడుచుచు నుండును. గాలిలో తేమ నూటికి 70 పాళ్ళున్నపుడు కొయ్య బరువులో సుమారు 13 పాళ్ళు నీరుండును. అదే తేమ 30 పాళ్ళకు దిగినపుడు కొయ్యలో 6 పాళ్ళే మిగులును. నీరు పోయిన కొయ్య ముడుచుకొనును. నార వెంబడి నిడివి దాదాపు మారదు. నారకు అడ్డముగా మాత్రము నూటికి ఒకటి రెండు పాళ్ళు తగ్గవచ్చును. వేసవిలో తలుపు వదులై, వానకాలమున బిగిసికొనుట ప్రతి గృహిణియు ఎఱిగినదే గదా! గిటారును అట్టి కొయ్యయే.

చైనా, ఇండొనేషియా దేశములందలి తేమగల నగరములలో తయారైన వాద్యము మన పీఠభూమికి వచ్చి, చైత్ర వైశాఖముల యెండలో నాఱును. క్రింది కొయ్య ముడుచుకొనును. పైనున్న గట్టిరంగు దానితోపాటు ముడుచుకొనలేదు. అంతట రంగు చెఱువడుగు ఎండి నెఱ్ఱెలు విచ్చినట్లు విచ్చును. రంగునకును, కొయ్యకును నడుమ పట్టు వదలిన చోట పెచ్చు లేచును.

లేపాక్షి చెప్పు పాఠము

లేచిన రంగును ఏమి చేయవలెనో నేర్చుకొనుటకు దూరదేశము పోనక్కరలేదు. హిందూపురమునకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున లేపాక్షి వీరభద్రాలయ మున్నది. ఆ యూరు 2022 ఏప్రిలు వరకు అనంతపురము జిల్లాలో నుండి, నాటినుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. విజయనగర ప్రభువగు అచ్యుతదేవరాయలు 1529 మొదలు 1542 వరకు పాలించెను. ఆ కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు ఈ ఆలయమును విస్తరింపజేసిరని ప్రసిద్ధి. నాట్యమండపపు స్తంభములపై తుంబురుడు వీణ వాయించుచుండగా, బ్రహ్మ మద్దెల వాయించుచుండగా, రంభ నాట్యమాడుచున్నట్లు శిల్పములు కలవు. పైకప్పున సున్నపు గచ్చుపై ఎఱుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు వన్నెలతో పురాణగాథలు చిత్రింపబడినవి. అందలి స్త్రీల చీరల అంచులును, కొప్పుల తీరులును నేటికిని నేతగాండ్రకు మాదిరులై యున్నవి.

ఐదువందల యేండ్లకు చేరువైన ఆ చిత్రములలో కొన్నిచోట్ల రంగు రాలినది. అందులకు క్రొత్త చిత్రకారుని పిలిపించి, పైనుండి రంగు పూయించినచో ఏమగును? రంగు కనబడును గాని, లేపాక్షి మాయమగును. చిత్రసంరక్షకుల పద్ధతి వేఱు. లేచిన పొర క్రిందికి సూదితో పలుచని జిగురు నెక్కించి, మెత్తని కాగితము నడ్డముంచి, మెల్లగా నొక్కి, ఆ పొరను మరల గోడకు కఱపింతురు. పోయినచోటును పోయినట్లే విడుతురు. లేదా పాతదానితో కలిసిపోకుండ తెలియునట్లు లేతవన్నెతో నింపుదురు.

మన పిల్ల గిటారు లేపాక్షి చిత్రము కాకపోవచ్చును. ధర్మ మొక్కటే. జిగురు రేపైనను పెట్టవచ్చును. గీకివేసిన రంగు మరల రాదు. అదియును గాక, పాతకాలపు మేలైన గిటారునకు పూర్తిగా క్రొత్తరంగు పూసినచో దాని వెల బాగుగా పడిపోవునని సంగీతవాద్యముల వర్తకు లెఱుగుదురు.

ఏ జాతి రంగో తెలిసికొనుట

గిటారుల పైపూతలు ముఖ్యముగా రెండు జాతులు. మొదటిది నైట్రోసెల్యులోజు వార్నీషు. పత్తిని నత్రికామ్లము, గంధకికామ్లములతో మార్చి చేసినదానిని ద్రావకమున కరగించి దీనిని సిద్ధపఱతురు. 1920లలో మోటారు బండ్లకు పూయుటకు ఇది వాడుకలోనికి వచ్చినది. పిమ్మట గిటారులకును వచ్చినది. రెండవది పాలియెస్టరు, పాలియురెథేను అను కృత్రిమ పదార్థముల పూత. ఇది మందముగను, గాజువలె గట్టిగను ఉండును. నేడు తక్కువ వెలకు దొరకు గిటారులలో పెక్కింటికి ఈ రెండవ పూతయే యుండును.

మొదటి జాతిని మన స్త్రీలు తమ కెఱుక లేకుండగనే యెఱుగుదురు. గోళ్ళరంగునకు ఆధారమైన పదార్థము సామాన్యముగా నైట్రోసెల్యులోజే. గోళ్ళరంగును తుడుచు ద్రవములో ఎసిటోను ఉన్నచో, అది గిటారు వార్నీషును సయితము కరగించును. పరీక్షయు దీనితోడనే చేయవచ్చును. తీగలు వదులుచేసి, మెడ పలక క్రిందగాని, మీటలున్న గుంట లోపలగాని, కంటికి కనబడని చోట, ఆ ద్రవమును పుల్లకు చుట్టిన దూదితో చుక్కంత తాకించి, వెంటనే తీయవలెను. అచ్చట జిగటయైనచో అది మొదటి జాతి. ఏ మార్పు లేనిచో రెండవ జాతి. పైకి కనబడు చోట ఈ పరీక్ష ఎన్నడును చేయరాదు.

పగుళ్ళలో భేదములు

అన్ని పగుళ్ళును ఒక్కటి కావు. నాలుగు విధములు ముఖ్యముగా కనబడును.

మొదటిది, వెండ్రుకల వంటి సన్నని గీతలు. వేలితో తడవినను తగులవు. నైట్రోసెల్యులోజు పూతకు వయస్సు మీఱిన కొలది ఇవి వచ్చును. వేడినుండి చలికిని, చలినుండి వేడికిని వెంటనే మార్చినచో త్వరగా వచ్చును. ఇవి ముఖముపై ముడుతల వంటివి. వీనికి చికిత్స లేదు, అవసరమును లేదు.

రెండవది, పెచ్చు. గోటితో మెల్లగా తట్టినచో బోలుచప్పుడు వచ్చును. వెంటనే చేయవలసిన పని ఇదియే.

మూడవది, మెడ వచ్చి దేహమున కూడుచోటి మూలలో పుట్టు పగులు. మెడను గుంటలో బిగువుగా దిగగొట్టినపుడును, ఆ గుంట అంచున రంగు దట్టముగా పేరుకొన్నపుడును ఇది వచ్చును. చూచువారికి చెక్కయే చీలినట్లు తోచును గాని, పెక్కుసారులు పగిలినది రంగు మాత్రమే. మెడ విప్పి గుంట లోపల చూచినచో నిజము తెలియును. గీత కొయ్యలోనికి దిగియున్నచో నేర్పుగల పనివానికి చూపవలెను.

నాలుగవది, నార వెంబడి తిన్నగా పోవు గీత. దేహమును రెండు మూడు చెక్కలు అతికి చేయుదురు. కొయ్య ముడుచుకొన్నపుడు ఆ అతుకు రంగుమీద గీతయై తేలును. వాద్యమునుంచు చోటు మార్చనిచో దీనిని ఎన్నిసార్లు పూడ్చినను మరల విచ్చును.

పెచ్చు నతికించుట

ముందుగా విద్యుత్తు తీగ నూడదీయవలెను. తీగలు వదులు చేయవలెను. లేచిన పెచ్చును గోటితో లాగరాదు. దానిపై అంటుపట్టీని వేయరాదు, తీయునపుడు పట్టీతోపాటు రంగును వచ్చును. మెత్తని కుంచెతో సందులోని దుమ్మును దులుపవలెను.

పిదప, అంగళ్ళలో ఫెవిక్విక్ మొదలగు పేళ్ళతో దొరకు సయనోయాక్రిలేటు జిగురును పలుచనిదిగా చూచి తెచ్చుకొనవలెను. గొట్టమునుండి నేరుగా పోయరాదు. పండ్లు కుట్టుకొను పుల్ల కొనను ఒక చిన్నచుక్క తీసికొని, పెచ్చు అంచున తాకించినచో చాలును. దీపపు వత్తి నూనెను పీల్చినట్లు ఆ సందు జిగురును తనంతట పీల్చుకొనును. అవసరమైనచో రెండవ చుక్క. పైన నూనెకాగితమునుగాని, పలుచని ప్లాస్టిక్ సంచి ముక్కనుగాని పఱచి, చదునైన చిన్నచెక్కతో కొన్ని నిమిషములు అదిమిపట్టవలెను. పిమ్మట ఒక దినము ముట్టరాదు.

ఇచ్చట మన ప్రాంతమునకు చెందిన విశేష మొకటి కలదు. ఈ జిగురు గాలిలోని తేమ తగిలి గట్టిపడును. తేమ తక్కువైన వేసవి మధ్యాహ్నమున అది ఆలస్యముగా పట్టును. పట్టలేదని తొందరపడి మరల మరల పోసినచో పైన గడ్డలుగట్టి పనిని పెంచును. ఓర్పుతో విడిచిపెట్టుటయే మేలు.

మెడమూల పగులునకును ఇదే పద్ధతి. అయితే మెడను పూర్తిగా విప్పి, జిగురు చక్కగా ఆఱిన మఱునాడు గాని తిరిగి బిగింపరాదు. లేనిచో మెడ గుంటకే అతుకుకొనిపోవును. బిగించుటకు ముందు గుంట అంచున పేరుకొన్న రంగును సన్నని ఉప్పుకాగితముతో కొంచెము తగ్గించినచో, ఒత్తిడి తగ్గి, పగులు తిరిగి రాదు.

నార వెంబడి గీతను పూడ్చుటకు కాలము చూడవలెను. అది మిక్కిలి విచ్చుకొను వైశాఖమునగాని, కొయ్య ఉబ్బు భాద్రపదమునగాని గాక, నడిమివైన కార్తీక మార్గశిరములలో పూడ్చినచో పూత సరిపడియుండును.

పోయినచోటును పూరించుట

పెచ్చు రాలిపోయి కొయ్య కనబడునెడ, రంగు కుదురు గోళ్ళరంగును వెదకి తేవచ్చును. ఎఱుపు, నలుపు, తెలుపు సులభముగా దొరకును. పాలియెస్టరు పూతపై ఇది హాని చేయదు. నైట్రోసెల్యులోజు పూత అంచులను మాత్రము ఇది మెత్తబఱచును. కనుక అచ్చట మిక్కిలి పలుచగా, గుంట లోపలనే అద్దవలెను. రెండు దినము లాఱిన తరువాత, పైన సయనోయాక్రిలేటు జిగురును చుక్కచుక్కగా, ఒక చుక్క ఆఱిన పిమ్మట మఱియొక చుక్కగా, చుట్టునున్న రంగుకంటె రవంత మిట్టగా నగునట్లు నింపవలెను.

మఱునాడు దానిని చదును చేయవలెను. గడ్డము గీచుకొను బ్లేడు తీసికొని, దాని రెండు చివరలకు అంటుపట్టీ చుట్టి, నడుమ కొంచెము మాత్రము విడువవలెను. పట్టీ చుట్టిన భాగములు మంచిరంగుపై జాఱుచుండగా, నడిమి అంచు మిట్టను మాత్రమే గీకును. పిదప 1000, 1500, 2000 సంఖ్యల ఉప్పుకాగితములను వరుసగా, చుక్క సబ్బు కలిపిన నీటిలో తడిపి, మెల్లగా రుద్దవలెను. నీరు మరచీలల రంధ్రములలోనికి దిగరాదు. దిగినచో కొయ్య ఉబ్బి క్రొత్త పగులు పుట్టును. కడపట మోటారు బండ్ల సామానులమ్ము అంగడిలో దొరకు మెఱుగు పూతతో మెత్తనిగుడ్డ పెట్టి తోమినచో పని ముగిసినట్లే. దగ్గఱగా చూచినచో మచ్చ కనబడవచ్చును. అది దోషము గాదు, కాపాడినారనుటకు గుర్తు.

ప్రాణముతో సమానమైన జాగ్రత్తలు

సయనోయాక్రిలేటు జిగురు నూలుగుడ్డపై నొలికినచో, ఒక్కసారిగా వేడిపుట్టి, పొగవచ్చి, చర్మము కాలుటయు కలదు. నూలుచీర కట్టుకొని ఒడిలో వాద్యము నుంచుకొని ఈ పని చేయుట అపాయకరము. బల్లపై నుంచి, పైన ప్లాస్టిక్ గుడ్డ పఱచుకొని చేయవలెను. ఒలికిన జిగురును దూదితో తుడువరాదు. వ్రేళ్ళు అతుకుకొన్నచో లాగక, గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా విడదీయవలెను. కంటిలో పడినచో రెప్పలను బలవంతముగా విప్పక వెంటనే వైద్యునికడకు పోవలెను.

ఎసిటోను, వార్నీషు ద్రావకముల ఆవిరి నిప్పంటుకొనును. వంటయింటిలోగాని, దేవునియెదుట దీపము వెలుగుచుండగాగాని వీనిని విప్పరాదు. కిటికీలు తెఱచి, పసిపిల్లలకు దూరముగా పనిచేయవలెను. ఉప్పుకాగితముతో రుద్దునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

మరల లేవకుండుటకు

మరమ్మతుకంటె కాపుదల సులభము. మిద్దె క్రింద కాగు అటకపైగాని, పడమటెండ తగులు గోడకుగాని గిటారు నుంచరాదు. వేసవిలో నీటి కూలరు గాలి నేరుగా తగులుచోటును పనికిరాదు. రాత్రి తడిగాలి, పగలు పొడిగాలి తగిలినచో కొయ్య దినమున కొకసారి ఉబ్బి ముడుచుకొనును. నడియింటిలో, లోపలి గోడవైపు, పెట్టెలో నుంచుట శ్రేష్ఠము. గాలిలో తేమ నూటికి 45 మొదలు 55 పాళ్ళుండుట ఈ వాద్యములకు హితము. వాయించిన పిమ్మట పొడిగుడ్డతో చెమట తుడువ నేర్పవలెను. నిలువుగా నుంచు ఇనుప పీటకు రబ్బరు తొడుగున్నచో, అది నైట్రోసెల్యులోజు పూతను కరగించి అంటుకొనును. నడుమ నూలుగుడ్డ చుట్టినచో ఆ బాధ యుండదు.

ఈ పనిని తల్లి యొక్కతె చేయుటకంటె, వాయించు పిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చేయుట మంచిది. జిగురు ముట్టుట పెద్దల పని. దుమ్ము దులుపుట, తట్టి బోలుచప్పుడు వినుట, కడపట మెఱుగు తోముట పిల్ల పని. తన వాద్యమున ఎచ్చట ఏ పగులున్నదో తెలిసిన బాలిక దానిని గోడకు తగిలింపదు, యెండలో మఱువదు. వానలు తక్కువైన ఈ నేలపై మన పెద్దలు చిల్లిపడిన బిందెకు మాటు వేయించుకొని, చినిగిన చీరను బొంతగా కుట్టుకొని వాడుకొనిరి. ఉన్నదానిని నిలుపుకొను ఆ నేర్పును గిటారు విషయమునను మన బిడ్డల కందింపవలెను.